తెలుగునేలపై రోమక రజత నాణెములు
(గ్రంథాలయ రజతోత్సవ సభయందు చేసిన ఉపన్యాసము)



ఇరువదియైదు సంవత్సరములు నిండిన సంస్థకు రజతోత్సవము జరుపుట లోకాచారము. రజతమనగా వెండి. వెండి పేరు పెట్టుకొన్న ఈ పండుగనాడు వెండిని గూర్చియే నాలుగు మాటలు చెప్పుకొనుట సమయోచితము. అయితే ఆ వెండి మన గనులలో పుట్టినది కాదు, మన టంకసాలలో ముద్ర పడినదియు కాదు. రెండువేల సంవత్సరములకు పూర్వము రోమక సామ్రాజ్యమున ముద్ర పడి, సముద్రము దాటి, బండ్ల బాటల వెంట ప్రయాణము చేసి, మన నేలలో కుండలయందు నిద్రించి, గునపమో నాగలియో తగిలినప్పుడు మేల్కొనిన వెండి. ఆ నాణెము లెట్టివి? వానిపై నున్న బొమ్మ లెవరివి? అవి ఇచటి కేల వచ్చినవి? వచ్చినవి ఏల ఆగిపోయినవి? ఇకముందు ఎవరికైన దొరకినయెడల ఏమి చేయవలెను? ఈ అయిదు ప్రశ్నలే నేటి ప్రసంగమునకు విషయము.

మలక్‌పేట నుండి తూర్పుగా సాగు పెద్దబాటను ఈ ప్రాంతమువా రెల్లరు నెఱుగుదురు. అది దిల్‌సుఖ్‌నగరు, ఎల్బీనగరు, హయత్‌నగరు దాటి, నల్లగొండ సీమలో ప్రవేశించి, సూర్యాపేట మీదుగా కృష్ణయొడ్డున బెజవాడ చేరి, తుదకు మచిలీపట్టణమువద్ద సముద్రమును చూచును. పడమటి దిక్కున అదే బాట పట్నము దాటి, సంగారెడ్డి, జహీరాబాదుల మీదుగా షోలాపురమునకు పోవును. ఈ పటమును మనస్సున నుంచుకొని ప్రాచీనుల వ్రాతలను చూతము. క్రీస్తుశకము మొదటి శతాబ్ది మధ్యకాలమున గ్రీకుభాష యందు ‘పెరిప్లస్’ అను నౌకాయాన గ్రంథ మొకటి పుట్టెను. దానిని వ్రాసిన వర్తకుని పేరు నిలువలేదు గాని అతడు వ్రాసిన సరకుల పట్టికలు నిలిచినవి. పైఠనమునకు తూర్పున పది దినముల పయనములో తగరమను గొప్ప నగర మున్నదనియు, సముద్రతీర ప్రాంతములనుండి వచ్చు సరకు అచట చేరుననియు, అచటినుండి నూలు వస్త్రములు బండ్లపై పడమటి తీరమున నున్న భరుకచ్ఛ రేవునకు పోవుననియు అతడు చెప్పెను. తగర మనగా షోలాపురమునకు ఉత్తరమున నున్న నేటి తేర్ గ్రామమని పండితులు నిర్ణయించిరి. మఱియు తూర్పు తీరమున ‘మసలియా’ యను దేశములో సన్నని నూలుబట్టలు విస్తారముగా నేయుదురని ఆ గ్రంథముననే కలదు. మసలియా మన కృష్ణా ముఖద్వార సీమ. తగరము ఒక కొస, మసలియా మఱియొక కొస, నడుమ తెలంగాణము. ఆనాటి బండి నడచిన జాడ నేటి బాటతో అంగుళ మంగుళము సరిపోవునని అనరాదు. కాని దిశ అదే. దాటవలసిన నదులు అవే. రోమక నాణెములు దొరకిన చోట్లు ఈ దారికి ఇరుప్రక్కలను, కృష్ణా గోదావరుల నడుమను కనబడుట కాకతాళీయము కాదు.

ఆ చోట్లలో కొన్నింటిని చెప్పుకొందము. సంగారెడ్డి సమీపమున కొండాపురము కలదు. అచట 1940 తరువాతి సంవత్సరములలో హైదరాబాదు సంస్థానపు పురావస్తుశాఖవారు త్రవ్వించిన శాతవాహన కాలపు పట్టణమున ఆగస్టస్ చక్రవర్తి బంగారు నాణెము దొరకెను. కరీంనగర్ సీమలోని పెద్దబంకూరు, నస్తుళ్లాపురములలో రోమక వెండి నాణెములు దొరకినవి. నాగార్జునకొండ త్రవ్వకములలో టైబీరియస్ చక్రవర్తి బంగారు నాణెమును, ఆంటోనైనస్ పయస్ చక్రవర్తి భార్యయైన ఫాస్టీనా బొమ్మ గల బంగారు నాణెమును బయల్పడినవి. గుంటూరు సీమలోని వినుకొండలో 15 బంగారు నాణెముల కుండ దొరకెను. అందు టైబీరియస్ మొదలు కారకల్లా వఱకు, అనగా ఇంచుమించు రెండు శతాబ్దుల చక్రవర్తుల ముఖములు గలవు.

వీని యన్నిటికంటె పెద్దది, మలక్‌పేటకు పొరుగున నున్నదియు, నల్లగొండ జిల్లా అక్కనపల్లి నిక్షేపము. ఒక్కచోట 1531 వెండి నాణెములు! వీనిని పరమేశ్వరీ లాల్ గుప్తాగారు పరిశీలించి 1965లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము ప్రకటించిన గ్రంథమున వివరించిరి. ఇందలి నాణెములు ఆగస్టస్, టైబీరియస్ అను తొలి యిద్దఱు చక్రవర్తుల కాలపువి. ఈ సంఖ్యను కొంచెము లెక్కకట్టి చూచిన దాని బరువు తెలియును. రోమక వెండి నాణెమునకు డెనారియస్ అని పేరు. అది ఇంచుమించు 3.8 గ్రాములు తూగును, అనగా మన తులములో మూడవవంతు. ఆ లెక్కను అక్కనపల్లి కుండలో అయిదువందల తులముల వెండి యుండెను. ఆగస్టస్ కాలమున రోమక సేనలో కాలిబంటునకు ఏడాది జీతము 225 డెనారియసులు. కావున ఈ కుండలోని సొమ్ము ఒక సైనికుని ఆఱేండ్ల తొమ్మిది నెలల జీతము. దానిని దాచినవాడు ఎవడైనను పేదవాడు కాడు. తిరిగివచ్చి తీసికొనలేకపోయెనని మాత్రము నిశ్చయముగా తెలియుచున్నది.

ఇక బొమ్మల సంగతి. నాణెమునకు బొమ్మ, బొరుసు అని రెండు ముఖములు గదా! భారతదేశమున దొరకిన రోమక వెండి నాణెములలో రెండు రకములు మిక్కిలి విస్తారముగా కనబడును. వీనిని గుర్తించుట కష్టము కాదు.

మొదటిది ఆగస్టస్ నాణెము. బొమ్మవైపున ఆకులదండ ధరించిన తల, కుడివైపునకు తిరిగియుండును. చుట్టును లాటిను లిపిలో “దైవత్వ మొందినవాని కుమారుడు, దేశమునకు తండ్రి, సీజర్ ఆగస్టస్” అను అర్థము వచ్చు అక్షరములు. ఈ ఆగస్టస్ అసలు పేరు ఆక్టేవియస్, క్రీ.పూ. 63లో పుట్టెను. పినతాతయైన జూలియస్ సీజరునకు దత్తపుత్రుడై, అంతర్యుద్ధములలో శత్రువుల నందఱను జయించి, క్రీ.పూ. 27లో ఆగస్టస్ అను బిరుదు స్వీకరించి, క్రీ.శ. 14 వఱకు ఏలెను. మన కథకు ముఖ్యమైన విషయ మేమనగా, క్రీ.పూ. 30లో ఇతడు ఈజిప్టు దేశమును రోమక రాజ్యమున కలుపుకొనెను. దానితో ఎఱ్ఱసముద్రపు రేవులు రోమక వర్తకుల చేతికి వచ్చెను. ఋతుపవనముల పోకడ తెలిసిన నావికులు అరేబియా సముద్రమును నేరుగా దాటుచుండిరి. ఒక్క మయోస్ హార్మోస్ రేవునుండియే ఏడాదికి 120 ఓడలు భారతదేశమునకు పోవుచుండెనని ఆ కాలపు భూగోళవేత్త స్ట్రాబో వ్రాసెను.

ఆ నాణెపు బొరుసువైపు చూచినచో ఇద్దఱు యువకులు నిలుచుండి యుందురు. నడుమ డాళ్లు, బల్లెములు. వీరు గాయస్, లూసియస్ అను అన్నదమ్ములు, ఆగస్టస్ కూతురు జూలియా కొడుకులు. మగసంతానము లేని ఆ చక్రవర్తి మనుమలనే దత్తత చేసికొని, వారే తన తరువాత రాజ్యమునకు వారసులని లోకమునకు చాటుటకు వారి రూపములను వెండిపై ముద్రించెను. గాల్ దేశమున, అనగా నేటి ఫ్రాన్సున, లియాన్ పట్టణపు టంకసాలలో ఈ నాణెములు లక్షల సంఖ్యలో పుట్టినవి. కాని విధి వేఱొకటి తలచెను. క్రీ.శ. 2లో తమ్ముడు లూసియస్ మార్సేల్సు రేవున మరణించెను. క్రీ.శ. 4లో అన్న గాయస్ ఆర్మీనియా యుద్ధమున గాయపడి తిరిగివచ్చుచు దారిలోనే కన్నుమూసెను. తాత బ్రతికియుండగనే మనుమ లిద్దఱును పోయిరి. వారి రూపములు మాత్రము వెండిపై నిలిచి, తెలియని దేశమున, తెలియని చేతులలో, మన తెలుగునేల దాక నడచి వచ్చినవి. కొడుకులు, మనుమలు గల గృహస్థు ఎవ్వడును ఈ నాణెమును ఊరక చూచి పెట్టివేయజాలడు.

రెండవది టైబీరియస్ నాణెము. మనుమలు పోయినపిమ్మట ఆగస్టస్ తన భార్య లీవియాకు తొలి భర్తవలన కలిగిన టైబీరియసును దత్తత చేసికొనెను. అతడు 55వ యేట సింహాసన మెక్కి క్రీ.శ. 14 నుండి 37 వఱకు పాలించెను. పొదుపరి, అనుమానస్వభావుడు, నలుగురిలో కలియనివాడు; పాలనలో చివరి పది పదునొకం డేండ్లు రోము విడిచి కాప్రీ ద్వీపమున కాపురముండెను. అతని నాణెమున బొమ్మవైపు తల, బొరుసువైపు కుర్చీపై కూర్చుండి చేత దండమును, కొమ్మను పట్టిన స్త్రీ. ఈమె లీవియా రాజమాతయే యని పలువురి అభిప్రాయము. చుట్టు నున్న అక్షరములకు “మహాపురోహితుడు” అని అర్థము. అది చక్రవర్తి బిరుదులలో నొకటి. ఇతడు తన కాలమున వెండి నాణెపు రూపమును ఇంచుమించు మార్చనేలేదు. క్రైస్తవ సోదరులకు ఈ నాణెము పరోక్షముగా పరిచితమే. పన్ను చెల్లింపవచ్చునా యని కొందఱు ప్రశ్నించినప్పుడు యేసు ఒక నాణెమును తెప్పించి, దానిపై ఎవరి రూపమున్నదని అడిగినట్లు సువార్తలలో గలదు. ఆ నాణెము ఈ రకమునకు చెందినదే యని పండితులలో వాడుక.

ఇన్ని నాణెములు ఇచటి కేల వచ్చినవి? దండెత్తి వచ్చిన సేనలు తెచ్చినవి కావు. రోమక సేన మన గడ్డపై కాలు మోపలేదు. కప్పము కాదు, కానుక కాదు. ఇది శుద్ధమైన బేరము. జమాఖర్చు పుస్తకమున రెండు ప్రక్కలుండును గదా! మన ప్రక్క నుండి పోయినవి మిరియాలు, సన్నని నూలుబట్టలు, ముత్యములు, రత్నములు, దంతము, సుగంధద్రవ్యములు. వారి ప్రక్కనుండి వచ్చినవి ద్రాక్షసారాయము, గాజు, పగడము, లోహములు. వారు తెచ్చిన సరకు మన సరకు విలువకు చాలకపోగా మిగిలిన బాకీని వెండితోను బంగారముతోను తీర్చవలసి వచ్చెను. పెరిప్లస్ కర్త భరుకచ్ఛమునకు కొనిపోవలసిన వస్తువులలో రోమక వెండి బంగారు నాణెములను చేర్చి, ఆ దేశపు నాణెములతో మారకము చేసినచో లాభము వచ్చునని కూడ సలహా చెప్పెను.

ఈ బాకీ రోమకులను బాధించెను. క్రీ.శ. 22లో టైబీరియస్ తమ సభకు వ్రాసిన లేఖలో, స్త్రీల రత్నభూషణములకై తమ ధనము పరదేశముల పాలగుచున్నదని వాపోయినట్లు చరిత్రకారుడు టాసిటస్ చెప్పుచున్నాడు. క్రీ.శ. 79లో వెసూవియస్ అగ్నిపర్వతము ప్రేలినప్పుడు మరణించిన ప్లీనీ యను విద్వాంసుడు అంకెయే వేసెను: భారతదేశము ఏడాదికి 5 కోట్ల సెస్టర్సులు లాగుకొనుచున్నది. నాలుగు సెస్టర్సు లొక డెనారియస్ గనుక అది 1 కోటి 25 లక్షల డెనారియసులు. ప్లీనీ ఫిర్యాదుదారుడు, ఫిర్యాదుదారుని లెక్క ఎప్పుడును కొంత హెచ్చుగనే యుండును. అయినను ఒక్కటి నిజము. మగ్గముమీద కూర్చున్న మసలియా నేతగాని చేతిపనికి రోము నగరపు చక్రవర్తి సైతము విలువ కట్టవలసివచ్చెను. ఈ నాణెము రోమకుల ఘనతకు గుర్తని కొందఱు తలంతురు. అది మన నేతగాని ఘనతకును, మన కర్షకుని ఘనతకును రసీదు.

ఈ వెండి ఇచట ఏ రూపమున చెల్లెను? శాతవాహనుల సామాన్య నాణెములు సీసము, రాగి, పొటిన్ అను మిశ్రలోహముతో చేసినవి. వారి వెండి నాణెములు అరుదు. కనుక మేలిమి వెండికి ఇచట మంచి గిరాకి. రోమక నాణెమును మనవారు చక్రవర్తి యాజ్ఞ యని పుచ్చుకొనలేదు. తూకము సరియైన వెండి యని పుచ్చుకొనిరి. కేరళమున ఎయ్యాల్ అను చోట ఒక్క నిక్షేపముననే రోమక నాణెములును, మన ప్రాచీన విద్ధాంక నాణెములును, అనగా చిన్న చిన్న గుర్తులు కొట్టిన వెండి బిళ్లలును, కలసియుండుట ఇందుకు సాక్ష్యము. దాచినవానికి బొమ్మ భేదము లేదు. ఇచటి పనివారు రోమక నాణెములను చూచి అచ్చు తీసిన అనుకరణములు కూడ దొరకినవి. లాటిను లిపి తెలియని పనివాడు అక్షరముల స్థానమున గీతలు, సున్నలు చెక్కుట వానిలో చూడవచ్చును. తమిళదేశమున పుదుక్కోట వద్ద 1898లో దొరకిన 501 బంగారు నాణెములలో పెక్కింటిపై చక్రవర్తి ముఖమునకు అడ్డముగా ఉలిగాటు గలదు. లోపలి లోహమును పరీక్షించుటకని కొందఱును, పరరాజు ముద్రను రద్దుచేయుటకని కొందఱును చెప్పుదురు. ఏది నిజమైనను, ముఖము చూచి మోసపోవువారు మనవారు కారని ఆ గాటు తెలుపుచున్నది.

ఈ సందర్భమున ప్లీనీ చెప్పిన కథ యొకటి గలదు. క్లాడియస్ చక్రవర్తి కాలమున ఒక రోమకుని సేవకుడు గాలికి కొట్టుకొనిపోయి సింహళద్వీపము చేరెను. అచటి రాజు అతనివద్ద నున్న డెనారియసులను తెప్పించి చూచెను. వానిపై వేఱువేఱు ముఖము లుండెను. వేఱువేఱు ఏలికల కాలమున ముద్రింపబడిన వని స్పష్టమే. కాని త్రాసున వేయగా అన్నియు నొక్కటే తూకము! ఏలికలు మారినను తూకము మారని ఆ దేశముయొక్క న్యాయబుద్ధికి మెచ్చి ఆ రాజు రోమునకు రాయబారులను పంపెనట. రాజ్యములు పరస్పరము గౌరవించుకొనుటకు ఇంతకంటె పెద్ద కారణము అక్కఱలేదు.

అట్టి న్యాయబుద్ధి ఎల్లకాలము నిలువలేదు. క్రీ.శ. 64లో నీరో చక్రవర్తి నాణెమును మార్చెను. అంతకు పూర్వము ఒక రోమక పౌను వెండితో 84 డెనారియసులు చేయుచుండగా, ఇతడు 96 చేయించెను. వెండిలో కల్తీయు పెంచెను. బొమ్మ యథాతథముగా గంభీరముగనే యుండెను. బరువు మాత్రము తగ్గెను. ఏలికకు ఇది సులభమైన ఉపాయముగా తోచును: పన్ను హెచ్చింపనక్కఱలేదు, ప్రజ లెఱుగరు. కాని కంసాలి గీటురాయి ఎఱుగును. వర్తకుని త్రాసు ఎఱుగును. మన దేశమున దొరకు వెండి నిక్షేపములలో నీరో మార్పునకు ముందటి ఆగస్టస్, టైబీరియస్ నాణెములే అత్యధికములై, తరువాతి వెండి మిక్కిలి అరుదైనది. రోమక రాజ్యపు ఉత్తరపు సరిహద్దులో జర్మను జాతులవారును చిరకాలముగా తెలిసిన పాత నాణెములనే కోరుచుండిరని టాసిటస్ వ్రాసెను. వర్తకము వెంటనే ఆగిపోలేదు. వినుకొండ, నెల్లూరు బంగారము చెప్పునట్లు తరువాత బంగారము రూపమున సాగెను. వెండిమీద మాత్రము నమ్మకము పోయెను. నీరో తెఱచిన ద్వారమున తరువాతి చక్రవర్తు లనేకులు నడచిరి. మూడవ శతాబ్ది మూడవ పాదము వచ్చుసరికి రోమక వెండి నాణెమనునది రాగిబిళ్లపై వెండిపూత మాత్రమే యయ్యెను. ముఖముపై కిరీట మింకను మెఱయుచునే యుండెను. మోయుటకు లోపల ఏమియు లేదు.

ఈ నాణెములు మన జీవనములో విడిచిన జాడలు మఱికొన్ని గలవు. కొండాపురమున రోమక నాణెమును చూచి చేసిన మట్టి బిళ్లలు దొరకినవి. వానిపై టైబీరియస్ తల గలదు. బంగారు కాసు కొనలేనివారు మట్టి కాసునకు పూత పూసి మెడలో ధరించి యుందురు. కాసుల పేరు తెలిసిన మన ఆడుబిడ్డలకు ఈ ముచ్చట వివరింపనక్కఱలేదు. మఱియొకటి మాట రూపమున నిలిచినది. డెనారియస్ అను లాటిను మాటయే సంస్కృత ప్రాకృతములలో దీనారమైనది. ఇక్ష్వాకు రాజుల కాలపు నాగార్జునకొండ శాసనములలో ఒకదానియందు ఉజ్జయిని మహారాజు కూతురగు మహాదేవి రుద్రధర భట్టారిక రాతిస్తంభమునకై 170 ‘దీనారి మాషకములు’ దానమిచ్చినట్లున్నది. రోమున పుట్టిన మాట కృష్ణాతీరమున బౌద్ధస్తంభముమీద చెక్కబడెను. ఉజ్జయిని ఆడపడుచు, రోమక నాణెపు పేరు, కృష్ణవేణి నీరు, బుద్ధభగవానుని మహాచైత్యము — ఇవన్నియు ఒక్క రాతిమీద కలసికొన్నవి. ఆనాటి తెలుగునేల లోకమునకు ఎంత విశాలముగా తలుపులు తెఱచి యుండెనో చెప్పుటకు ఆ యొక్క రాయి చాలును.

ఇక చివరి ప్రశ్న, అన్నిటికంటె ముఖ్యమైనది. ఇట్టి కుండ దొరకినయెడల ఏమి చేయవలెను? దీనికి సమాధానముగా జరిగిన కథ చెప్పుకొందము. 1786 ప్రాంతమున నెల్లూరు సమీపమున ఒక రైతు రాతిగుట్ట ప్రక్కను దున్నుచుండగా నాగలికి ఇటుకకట్ట తగిలెను. త్రవ్విచూడగా చిన్న దేవాలయపు శిథిలములు, వానిక్రింద ఒక ముంత, ముంతలో రోమక బంగారు నాణెములు. పాపము, ఆ రైతు వానిని పాత బంగార మను ధరకు అమ్ముకొనెను. పెక్కు నాణెములు మూసలో పడి కరగిపోయినవి. ఆర్కాటు నవాబు కుటుంబమువాడైన అమీరుల్ ఉమరా పూనుకొని ముప్పదికి పైగా నాణెములను సంపాదించుటచే అవి మాత్రము మిగిలెను. ట్రాజన్, హేడ్రియన్ చక్రవర్తులవి, ఫాస్టీనా రాణివి. కొన్ని అప్పుడే టంకసాలనుండి వచ్చినట్లు మెఱయుచుండెను. కొన్ని అరగి, బెజ్జములు పడి, ఆభరణములుగా ధరించిన గుర్తులతో నుండెను. చెన్నపట్టణపు గవర్నరు పదవి వహించిన అలెగ్జాండర్ డేవిడ్సన్ ఈ సంగతిని లేఖగా వ్రాయుటచే మనకు తెలిసినది.

ఆ రైతును నిందింపరాదు. అతనికి చెప్పినవారు లేరు. కాని కరగినవానితో పోయినదేమి? బంగారము పోలేదు; అది ఎవరి మెడలోనో చేరియుండును. పోయినది వార్త. ముంతలో మొత్తము నాణెము లెన్ని? అన్నిటికంటె కడపటి చక్రవర్తి ఎవరు? ఆ కడపటి నాణెమే ఆ ముంతను ఎప్పుడు పూడ్చిరో చెప్పు సాక్షి. దానికి ముందు పూడ్చుట అసంభవము గదా! ఆ సాక్షి మూసలో కరగియుండిన, ముంత ఇక మాటాడదు. అక్కనపల్లి కుండ మన చరిత్రకు పనికివచ్చుట అందలి వెండి వలన కాదు. 1531 నాణెములు ఒక్కచోట లెక్కకు నిలిచి, ఏ చక్రవర్తివి ఎన్ని, ఏ రకమువి ఎన్ని యని పరీక్షించుటకు వీలైనందువలన. ఊరి దస్తరములో ఒక్క కాగితము చింపినచో మిగిలిన కాగితములు అబద్ధమాడుట మొదలుపెట్టును. లంకెబిందె కూడ అట్టి దస్తరమే.

న్యాయశాస్త్రము ఈ విషయమున మనవా రనుకొనునంత కఠినము కాదు. 1878 నాటి భారత నిక్షేపముల చట్టము ప్రకారము పది రూపాయలకు మించిన విలువగల నిక్షేపము దొరకినవాడు కలెక్టరునకు వ్రాతమూలముగా తెలుపవలెను. హక్కుదారు డెవ్వడును తేలనియెడల, వేఱు ఒడంబడిక లేనప్పుడు, నాలుగింట మూడుపాళ్లు దొరకినవానికి, ఒకపాలు భూమి యజమానికి. ప్రభుత్వమే దానిని తీసికొన దలచినచో లోహపు విలువకు అయిదవవంతు అదనముగా చేర్చి చెల్లించును. దాచినవానికి మాత్రము శిక్ష; ఏడాది వఱకు ఖైదు, లేదా జరిమానా, లేదా రెండును. అనగా దాచి భయపడుచు తక్కువ ధరకు అమ్ముకొనువాడు రెండువిధముల నష్టపోవును; తెలిపినవాడు ధనమును, గౌరవమును రెండింటిని పొందును. తెలుపునంతవఱకు చేయవలసినవి మూడే. కుండను కదల్పరాదు. నాణెములను చింతపండుతోను, బూడిదతోను తోమరాదు. తోమినచో అక్షరములు అరగును. చేతికొక్కటి చొప్పున పంచరాదు; పంచినచో నిక్షేపము నిక్షేపము కాక వట్టి చిల్లర యగును.

పెద్దలు తమ పిల్లలను వెంటబెట్టుకొని మూసీ దాటి పబ్లిక్ గార్డెన్సులోని రాష్ట్ర పురావస్తు ప్రదర్శనశాలకు ఒకమాఱు పోయి రావలెను. ఆ శాల నాణెముల సంపదకు పేరొందినది. శాతవాహన, ఇక్ష్వాకు, కాకతీయుల కాలపు ఆనవాళ్లను పిల్లల కచట చూపవచ్చును. చూచి వచ్చినపిమ్మట ఈ గ్రంథాలయమున చరిత్ర పుస్తకములు తీసి చదువవలెను. నాణెమును చూచుటకు కన్ను చాలును. దానిని చదువుటకు పుస్తకము కావలెను. అక్షరము రాని చేతిలో పడిన అక్షరములు గల నాణెము లోహమే. నెల్లూరు రైతునకు నాడు ఊరిలో చదివి చెప్పగల యొక గ్రంథాలయ ముండినచో ఆ ముంత నేడు సంపూర్ణముగా మన ముందుండెడిది.

ఆగస్టస్ తన మనుమల రూపములను వెండిపై ముద్రించి వంశము నిలుపదలచెను, వంశము నిలువలేదు. నీరో తన రూపమునకు గౌరవము నుంచి తూకమును తగ్గించెను, గౌరవము నిలువలేదు. మన నేతగాడు తన పేరు ఎచటను చెక్కుకొనలేదు. కాని అతడు నేసిన బట్టకు వచ్చిన వెల మాత్రము రెండువేల యేండ్లు నేలలో భద్రముగా నుండి, లేచి వచ్చి అతనికై సాక్ష్యము చెప్పుచున్నది. మనుష్యునికైనను, రాజ్యమునకైనను, ఇరువదియైదేండ్లు నిండిన గ్రంథాలయమునకైనను బొమ్మ కాదు, తూకము ముఖ్యము. ఈ గ్రంథాలయపు తూకము ఇందు చదువుకొని ఎదిగినవారే. ఆ తూకము తఱుగక, ఈ సంస్థ రజతోత్సవమునుండి స్వర్ణోత్సవమునకు నడచుగాక!

స్వస్తి.